దారి చీలేచోట మనిషి

జూన్ 17, సోమవారం

అక్కకి,

ఫోన్ చెయ్యకు. చేసినా ఎత్తను. ఎత్తితే ఇద్దరం ఒకేసారి అరుస్తాం, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఇంట్లో గొడవైతే నోరు మూసి కాగితం తియ్యాలన్నది నాన్న పెట్టిన రూలు. కాగితమైతే ఎదుటివాళ్ళు మధ్యలో అడ్డు తగల్లేరు. నువ్వు ఊరికి ఆ చివర, నేను ఈ చివర ఉన్నా ఆ రూలు రూలే. కాబట్టి చివరిదాకా చదువు, సగంలో నలిపి పారెయ్యకు.

నీ భర్త పారిపోయాడు.

బావ అని రాయలేదు, గమనించావా? రాయబుద్ధి కాలేదు.

శనివారం మా గుంపు కొండకి వెళ్ళిందని నీకు తెలుసు. అడవి మధ్య నుంచి గేర్ల సైకిళ్ళు తొక్కుకుంటూ పైకెక్కడం, అవతలివైపు పాత బంగళాలో పడుకోవడం, ఆదివారం దిగిపోవడం. ఆ అడవిలో దారి మాటిమాటికీ చీలుతుంది. ఫోన్లు పనిచెయ్యవు. అందుకే మాకో పద్ధతుంది. దారి చీలినచోట, ముందు వెళ్ళేవాళ్ళ వెనకే ఎవరుంటే వాళ్ళు ఆగిపోవాలి. వచ్చేవాళ్ళకి ఎటు వెళ్ళాలో చెయ్యి చూపిస్తూ నిలబడాలి. అందరూ దాటాకే కదలాలి. అందరూ దాటారని తెలియడానికి చిట్టచివర ఎప్పుడూ ఒకే మనిషి వస్తాడు. వాణ్ణి తోక అంటారు. తోక కనబడిందంటే నిలబడ్డవాడికి విడుదల.

ఆ తోకని నేను రద్దు చేయించాను. ఎందుకంటావా? ఎప్పుడూ బక్కోడే తోక. టైలరు కదా, వారమంతా మిషను తొక్కిన కాళ్ళు, కొండ ఎక్కేసరికి మొరాయిస్తాయి. అంతమాత్రాన ఒక మనిషిని శాశ్వతంగా చివర్న పెట్టి, వాడికి జంతువు అవయవం పేరు తగిలిస్తారా? ప్రెస్సులో నేను పిన్ను కొట్టే ప్రతి కరపత్రమూ చదివాకే కొడతానని నీకు తెలుసు. మొన్న ఒకదాంట్లో ఉంది: చివరివాడు పుట్టడు, వాణ్ణి చివరికి నెడతారు. చదవగానే నాకు బక్కోడి మొహం కళ్ళముందు మెదిలింది.

శుక్రవారం టీ కొట్టు దగ్గర ఓటింగు పెట్టాను. "ఇకమీదట మనలో తోక లేదు, అందరూ అందర్నీ చూసుకోవాలి" అన్నాను. అందరూ చెయ్యెత్తారు. బావ ఎత్తలేదు. పైగా, "ఒరేయ్ కరపత్రం, అందరూ చూసుకోవాలంటే ఎవడూ చూడడని అర్థంరా" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. పళ్ళసెట్లు చేసేవాడు కదా, సొంత సరుకు ప్రదర్శన! అప్పుడే మాట్లాడ్డం మానేశాను.

శనివారం సగం దారిలో బక్కోడి గేరు వైరు తెగింది. అప్పటికి వాడి దగ్గర్లో ఉన్నది నేనొక్కణ్ణే. పాపం, నాతో చెప్పి మరీ పాలవ్యాను ఎక్కి ఇంటికెళ్ళాడు. క్రమశిక్షణ అంటే అదీ. ఇంకాస్త పైకెళ్ళాక, విరిగిన సెల్ టవరు దగ్గర దారి చీలింది. బావ అక్కడ నిలబడి ఉన్నాడు. నేను దాటుతుంటే ఏదో అన్నాడు. వెక్కిరింతే అయ్యుంటుంది. తల తిప్పకుండా తొక్కేశాను.

బంగళా చేరాం. వాన దంచింది. బావ రాలేదు. వండింది చల్లారిపోయింది. మా అందరికంటే ముందు తొక్కే టీచరు, "టార్చి తియ్యండి, వెతుకుదాం" అంది. నేనే ఆపాను. "ఓటు ఓడిపోయినవాడి అలకండీ ఇది. రెండో దారిన దిగి బస్సెక్కేసి ఉంటాడు" అన్నాను. ఆదివారం మేం కిందికి దిగి ఫోన్లకి ప్రాణం రాగానే నీ మెసేజి: ఆయన ఇంటికొచ్చారని. చూశావా? నేనన్నదే!

నిన్న సాయంత్రమే తీర్మానం చేశాం. కాపలా వదిలి వెళ్ళినందుకు ఆయన్ని గుంపు నుంచి తీసేశాం. కాగితం టీ కొట్టు గోడకి అంటించాం. నకలు దీంతో పంపుతున్నాను. ఆయనకి చదివి వినిపించు.

ఆవేశంతో, అయినా న్యాయంగా,
నీ తమ్ముడు


జూన్ 20, గురువారం

ఒరేయ్,

ఏం పిలుపు రాయాలో తెలియక అక్కడే ఆగిపోయాను. చిరంజీవి అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఎక్స్‌రే గదిలో కూర్చుని రాస్తున్నాను. బయట బెంచీ నిండా జనం. రోజూ ఊళ్ళోవాళ్ళ ఎముకలన్నీ చూస్తాను కానీ మొగుడి భుజం ఎముక సోమవారమే మొదటిసారి చూశాను. "ఊపిరి బిగబట్టండి" అని నేనే చెప్పి, నేనే మీట నొక్కాను. కీలు జారిపోయింది. డాక్టరు సరిచేసి కట్టు కట్టాడు. చెయ్యి మెడకి వేలాడుతోంది. ఒంటి చేత్తో పళ్ళసెట్టు ఎలా చేస్తారు? ఆయన బల్ల మీద ఎవరెవరి నవ్వులో సగం సగం ఆగిపోయి నన్ను చూస్తున్నాయి.

ఆదివారం మధ్యాహ్నం బురద ముద్దలా వచ్చారు. నేను గుమ్మంలోనే పట్టుకున్నాను.

"ఏమైంది?"

"జారిపడ్డాను."

"ఎక్కడ?"

"కొండమీదే. బాత్రూంలో కాదు."

"ఎలా?"

"మీ తమ్ముణ్ణి అడుగు."

అంతే. అక్కణ్ణుంచి గోడవైపు తిరిగి పడుకున్నారు. నీ తీర్మానం వచ్చాక చదివి, ఒక్కసారి నవ్వి, నాలుగు మడతలు పెట్టి బల్ల కుంటికాలు కింద దోపారు. బల్ల ఇప్పుడు కదలడం లేదు. నీ కాగితం ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చింది.

అందుకే అడుగుతున్నాను. తోశావా? శుక్రవారం నుంచీ మాటల్లేవని నువ్వే రాశావు. అడవిలో ఎదురుపడ్డానని నువ్వే రాశావు. ఆయనేదో అన్నారనీ రాశావు. ఆ తర్వాత ఏం చేశావో ఒక్కటీ రాయలేదు. చిన్నప్పుడు క్యారంబోర్డు ఎత్తి బద్దలుకొట్టిన చెయ్యి నీది.

శనివారం రాత్రంతా ఆయన ఫోను మోగక, నీ ఫోను మోగక, నేను కిటికీ దగ్గర ఎలా కూర్చున్నానో నీ తీర్మానంలో ఎక్కడైనా ఉందా?

ఆ కాగితం గోడమీంచి పీకేదాకా, నిజం చెప్పేదాకా నా గడప తొక్కకు. ఆదివారం భోజనానికి నీకు కంచం పెట్టను. నీకు ఊళ్ళో వేరే ఇల్లు లేదని తెలిసే చెబుతున్నాను.

అక్క


జూన్ 24, సోమవారం

అక్కా,

నేను తోశానా? నేను!

నిన్న ఆదివారం. ప్రెస్సు పక్క గదిలో కూర్చుని, బిస్కెట్లు నీళ్ళలో ముంచుకు తిన్నాను. నీ మీద కోపంతో రుచి కూడా తెలియలేదు. నేను మాటతో కొడతాను అక్కా, చేత్తో కాదు. క్యారంబోర్డు కొట్టింది అన్యాయాన్ని చూసి. నువ్వు వేలితో కాయిన్ జరిపావు, అదెందుకు మర్చిపోతావు?

నాకిప్పుడు అంతా అర్థమైంది. పారిపోతూ ఎక్కడో పడ్డాడు. పడ్డానని చెప్పుకోలేక నా పేరు చెప్పాడు. "మీ తమ్ముణ్ణి అడుగు" అట! తప్పు తనది, జవాబు నేనివ్వాలి. పైనున్నవాళ్ళు కిందివాళ్ళ మీద భారం నెట్టే పద్ధతి సరిగ్గా ఇదే. ఇల్లు కూడా ఒక చిన్న రాజ్యమే అని చదివినప్పుడు అతి అనుకున్నాను. ఇప్పుడనుకోను. ఆ రాజ్యంలో నువ్వు రాణివి కావు, వకీలువి. కళ్ళు మూసుకుని ఒక్కడి తరఫునే వాదించే వకీలువి. ఎముకలు చూసే యంత్రం నీ దగ్గరుంది, అబద్ధాలు చూసే యంత్రం లేకపోయింది.

కాగితం పీకను. పీకడం కాదు, పెంచాను. రాత్రి ప్రెస్సులో మిగిలిన కటింగు కాగితం మీద ఒక కరపత్రం వేశాను. పేరు "కాపలా వదిలినవాడు". బావ పేరు రాయలేదు, నాకు మర్యాద తెలుసు. "పళ్ళసెట్లు చేసే ఒకానొక పెద్దమనిషి" అన్నాను. ఊళ్ళో సైకిలు షాపులన్నిట్లో పెట్టొచ్చాను. వానలో తోటివాళ్ళని వదిలేసి వెళ్ళినవాడి గురించి పది మందికీ తెలియాలి. ఇది పగ కాదు, సూత్రం.

గడప సంగతి. నీ గడప నాకక్కర్లేదు.

(పై వాక్యం కొట్టేద్దామనుకున్నాను. సిరా ఆరిపోయింది. ఉండనీ.)

తమ్ముడు


జూన్ 29, శనివారం

ఒరేయ్ మూర్ఖుడా,

కూర్చుని చదువు.

నిన్న సాయంత్రం బక్కోడు వచ్చాడు. మీ బావ చొక్కాలకి కట్టు పట్టేలా చెయ్యి విప్పి కుట్టించాలని నేనే రమ్మన్నాను. టేపు మెడలో వేసుకుని గుమ్మంలోకి రాగానే ఈయన మంచం మీంచి లేచి కూర్చున్నారు. రెండు వారాలుగా మూసుకున్న నోరు తెరిచారు.

"వెళ్ళేవాడివి చెప్పి ఏడవచ్చు కదరా! నీకోసం కొండంతా అరుచుకుంటూ తిరిగాను!"

బక్కోడు బిత్తరపోయాడు. "చెప్పాను కదన్నా."

"ఎవరికి చెప్పావు, చెట్టుకా?"

"మీ బావమరిదికే. వ్యాను ఎక్కుతూ చెప్పాను. అందరికీ చెబుతానన్నాడు."

నేను టీ కప్పులతో తలుపు దగ్గర ఉన్నాను. ఆయన నా మొహం చూశారు, నేను ఆయన మొహం చూశాను. తర్వాత ఆయన మెల్లగా పడుకుని దుప్పటి కప్పుకున్నారు. మిగతాది బక్కోడూ నేనూ దుప్పటి మీంచే రాబట్టాం.

నువ్వు ఆ టవరు దగ్గర దాటుతుంటే ఆయనన్న మాట వెక్కిరింత కాదు. "బక్కోడేడిరా?" అన్నారు. నువ్వు తల తిప్పకుండా వెళ్ళిపోయావు. తోక ఉన్న రోజుల్లో అయితే బక్కోడు ఆ పని నీకు అప్పజెప్పి వెళ్ళేవాడు, తోక మారిందనైనా తెలిసేది. నువ్వు తోకని తీసేశావు, దానికి బదులు మాటైనా పెట్టలేదు. కాబట్టి ఆయన లెక్క ప్రకారం బక్కోడు ఇంకా వెనకున్నాడు. నిలబడ్డారు. వాన మొదలైంది, నిలబడ్డారు. చూపు ఆనడం మానేసింది, అప్పుడు బక్కోడు ఏ లోయలో పడ్డాడోనని వచ్చిన దారినే వెనక్కి దిగుతూ పేరు పెట్టి అరిచారు. బురదలో సైకిలుతో సహా జారారు. పనివాళ్ళ రేకుల షెడ్డులో భుజం పట్టుకుని కూర్చుని తెల్లవార్చారు. పొద్దున్న అదే పాలవ్యాను వస్తే చెయ్యెత్తి ఆపారు. "నిన్న ఒక సన్నటాయన సైకిలుతో ఎక్కాడండీ, ఇంటి దగ్గర దింపాను" అన్నాడట డ్రైవరు. బక్కోడు ఎవరికీ చెప్పకుండా పోయాడనుకున్నారు, నిన్నటిదాకా. "మీ తమ్ముణ్ణి అడుగు" అన్నది, తను అడిగితే నువ్వు తల ఎందుకు తిప్పలేదో నిన్నే అడగమని.

అదే బంగళాలో నువ్వు టీచరు చేతిలో టార్చి ఆర్పించి, వెచ్చగా పడుకున్నావు.

మీ బావ దేవుడని నేననడం లేదు. "మరీ అంతసేపు ఎందుకు నిలబడ్డారు, కిందికొచ్చి ఎవరికైనా చెప్పొచ్చుగా?" అని నిలదీశాను. దుప్పటి కింద నుంచి, "రూలు వాడిదే కదా, నన్నెంతసేపు నిలబెడుతుందో చూద్దామనుకున్నా" అన్నారు. సగం బక్కోడి మీద ప్రేమ, సగం నీ మీద కక్ష. మీ ఇద్దరికీ మధ్య నా బతుకు.

ఇక నీ కరపత్రం. ఆయనకి పని ఇచ్చే పళ్ళడాక్టరు సైకిలు షాపులో చూసి ఇంటికి పట్టుకొచ్చాడు. "ఇది మీరేనా?" అని నవ్వుతూ అడిగాడు. ఈయన "నేనే" అన్నారు. ఆ డాక్టరు వెళ్ళాక నేను వంటగదిలో ఏడ్చాను, ఆయన ముందు గదిలో ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం ప్రాక్టీసు చేశారు.

నీ సూత్రం బాగుందా?

అక్క


జూలై 2, మంగళవారం

అక్కా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి చదవలేక ప్రెస్సు కత్తెర మిషను దగ్గరికి పోయి, ఊరికే కాగితాలు కోశాను. ఓనరు తిట్టాడు. తిట్టనీ.

చెబుతానన్నాను. నిజమే. బక్కోడు వ్యాను మెట్టు మీద నిలబడి "అందరికీ చెప్పు" అంటే, "చెబుతాలే, అయినా చెప్పేదేముంది, మనలో అందరూ సమానమే, కబురు దానంతట అదే పాకుతుంది" అన్నాను. ఎంత బాగా అన్నానోనని దారంతా నాలో నేనే మురిసిపోయాను. బావ "బక్కోడేడిరా" అన్నప్పుడు నా చెవుల్లో ఆ మురిపెమే మోగుతోంది. నిజం చెప్పనా? "బక్" అన్న ముక్క వినపడింది. వినపడిందని ఇప్పుడు తెలుస్తోంది.

షాపులన్నీ తిరిగి కరపత్రాలు పీక్కొచ్చాను. ఒక షాపతను వాటితో గొలుసు గ్రీజు తుడుస్తున్నాడు. "బాగున్నాయి బాబూ, గట్టి కాగితం, ఇంకో కట్ట ఇవ్వు" అన్నాడు. కొన్ని జనం పట్టుకెళ్ళిపోయారు. వాటిని ఎలా వెనక్కి తేను? అచ్చయిన మాటని తినెయ్యడానికి నోరు చాలదు.

కానీ నా కోపం పోలేదు. నీకు చెబుతున్నాను, పోలేదు. బావ నోరు విప్పి నన్ను ఒక్క తిట్టు తిట్టుంటే ఆ కరపత్రం పుట్టేదే కాదు. డాక్టరు ముందు "నేనే" అనడం ఏమిటి? అది మంచితనమా? అది నా మొహం మీద ఉమ్మడం కంటే ఘోరం! తప్పు చేసినవాడికి ఎదుటివాడు మౌనంగా ఉంటే ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ రాయలేదు. నేను చదివినవన్నీ ఎదురుతిరగడం గురించే.

గుంపుని పిలిచాను. తీర్మానం రద్దు చేద్దామన్నాను. టీచరు గోడ మీద పాత కాగితం చూపించింది. "తొలగించిన మనిషి ఎదురుగా ఉంటేనే తీర్మానం రద్దవుతుంది." ఆ రూలు రాసింది నేనే! అప్పుడు ప్రజాస్వామ్యం అనిపించింది. బావని ఒక్కసారి టీ కొట్టుకి పంపు. కట్టుతోనే రానీ. అందరి ముందూ నేను నిలబడి చదువుతాను.

కాగితం అలాగే ఉంది, పీకడానికి నాకు అధికారం లేదు. ఆదివారం బిస్కెట్లే.

నీ
తమ్ముడు


జూలై 7, ఆదివారం

తమ్ముడూ,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. "కబురు దానంతట అదే పాకుతుంది" దగ్గర పొట్ట పట్టుకుని నవ్వబోయి, భుజం గుంజి, కెవ్వుమన్నారు. తర్వాత చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మీటింగుకి రాను. నన్ను తీసెయ్యడానికి వాడు నన్ను పిలవలేదు, కలుపుకోడానికి పిలుస్తాడా? కాగితం గోడ మీదే ఉండనీ, వాన పడితే అదే ఊడుతుంది. భుజం బాగయ్యాక సైకిలు తొక్కుతా. నిలబడమంటే నిలబడతా. కాకపోతే నన్ను దాటేవాడు నోరు తెరిచి దాటాలి. తిట్టైనా సరే."

అది ఆయన మాట. ఆయన త్వరగా మెత్తబడతారు, అందుకే నాకు ఒళ్ళు మండుతుంది. నా మాట వేరు.

నువ్వు ఆయన మీద కరపత్రం వేసినందుకు కాదు నా కోపం. టార్చి ఆర్పినందుకు. నీ మనసులో ఆయనకి పారిపోవడం తప్ప ఇంకేమీ జరిగే వీలే లేదా? పడి ఉండొచ్చని, దెబ్బ తగిలి ఉండొచ్చని ఒక్క క్షణం తట్టలేదా? నాన్న పోయాక నీ స్కూలు ఫారం మీద సంతకం పెట్టిన చెయ్యి అది, ఇప్పుడు మెడకి వేలాడుతున్నది. ఆ చేతి మీద నీకున్న నమ్మకం అంతేనా?

దీనికి జవాబు కాగితం మీద రాయకు. నీకు కాగితం మీద అన్నీ వచ్చు.

ఈవేళ అలవాటుగా మూడు కంచాలు తీశాను. ఒకటి మళ్ళీ లోపల పెట్టేశాను. చప్పుడయ్యేలా పెట్టాను.

అక్క


ఆగస్టు 26, సోమవారం

అక్కా,

రాయొద్దన్నావు. జవాబు రాయడం లేదు. జరిగింది రాస్తున్నాను.

మొన్న మళ్ళీ అదే కొండ. బావ వస్తున్నాడని నాకెవరూ చెప్పలేదు. కట్టు విప్పాక నువ్వు ఆయన్ని సైకిలెక్కనిస్తావని కలలో కూడా అనుకోలేదు. టీ కొట్టు దగ్గరే చూశాను. టీచరు రద్దు తీర్మానం పెట్టబోతే ఆయనే చెయ్యూపి ఆపాడు. గోడ మీద కాగితం మాత్రం వానకి ఊడలేదు. నేను పూసిన జిగురు అలాంటిది.

తోక పద్ధతి మళ్ళీ పెట్టారు. నేను చేస్తానని చెయ్యెత్తాను. ఓడిపోయాను! "తోకకి ఓపిక కావాలి నాయనా, నీ దగ్గర ఉన్నది వేగం" అంది టీచరు. బక్కోడికే ఇచ్చారు. వాడు "ఇది నా ఉద్యోగం, నన్నడక్కుండా రద్దు చేశావు" అని నా మీద విరుచుకుపడ్డాడు. ఆ పేరు వాడికి అవమానం కాదట. వాడు వస్తే గానీ ఎవరూ కదలకూడదన్నది కొండ మొత్తంలో వాడొక్కడికే ఉన్న దర్జా అట. నేనెప్పుడైనా వాణ్ణి అడిగానా? వాడి తరఫున చదివాను, అంతే.

విరిగిన టవరు దగ్గర టీచరు వెనక నేనే ఉన్నాను. కావాలని ఉన్నాను. ఆగిపోయాను. ఒక్కొక్కళ్ళూ దాటారు. తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. చినుకులు మొదలయ్యాయి. అక్కడ నిలబడితే ఏం వినపడుతుందో తెలుసా? ఏమీ వినపడదు. ఆకుల మీద నీళ్ళు తప్ప. ఇంకాసేపటికి ప్రతి చప్పుడూ ఎవరో పడ్డట్టే ఉంటుంది. నాకు మొదట విసుగొచ్చింది, తర్వాత కోపమొచ్చింది, తర్వాత భయమేసింది. ఎందుకు నిలబడ్డారని నువ్వు అడిగావే, నేను చెబుతాను. కక్ష అంతసేపు నిలబెట్టలేదక్కా. నా కక్ష నాకు తెలుసు, అది పావుగంటలో అలిసిపోతుంది.

అప్పుడు బావ వచ్చాడు. భుజం కాపాడుకుంటూ, సైకిలు దిగి నడిపించుకుంటూ వచ్చాడు. "బక్కోడేడి బావా?" అన్నాను. నా వైపు చూడలేదు. తల తిప్పకుండా నన్ను దాటి వెళ్ళిపోయాడు, అచ్చం నేను వెళ్ళినట్టే! అరుద్దామని నోరు తెరిచాను. మలుపు దాకా వెళ్ళి, ఆగి, అటు తిరిగే అన్నాడు: "వెనకున్నాడురా. వాడొచ్చేదాకా కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా."

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. తిట్టు అంటే అలా ఉండాలి.

నిలబడ్డాను. బక్కోడు వచ్చాడు.

బంగళాలో ఆయన పక్కనే పడుకున్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా ఆయన ఉన్నాడో లేదో తడిమి చూశాను. మూడోసారికి "భుజం మీద చెయ్యెయ్యకు వెధవా" అన్నాడు.

నీ గడప నాకక్కర్లేదని రాశాను. అది అబద్ధం. ఈ ఆదివారం వస్తాను. తలుపు కొట్టను, లోపలికి రాను. నువ్వు తొక్కొద్దన్న గడపకి ఇవతల నిలబడతాను. ఎంతసేపైనా సరే, ఇప్పుడు నాకు నిలబడ్డం వచ్చు. నువ్వు తలుపు తీస్తే తియ్యి, తియ్యకపోతే మానెయ్యి. కానీ చెత్తబుట్ట పెట్టడానికో, పాలు తీసుకోడానికో బయటికొచ్చి నన్ను దాటాల్సి వస్తే మాత్రం, తల తిప్పుకుని వెళ్ళకు.

ఏదో ఒకటి అను.

తమ్ముడు